అమ్మా కొడుకుల క్యాసెట్టు

కనపడ్డవాళ్ళనల్లా అన్నయ్యా అని పిలవొద్దని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. నేను వినలేదు. సిడ్నీలో దిగిన మొదటి ఏడాది, ఎవరో పాప పుట్టినరోజు ఫంక్షన్‌లో బిర్యానీ కోసం లైన్లో నిలబడి ఉంటే, నా ముందున్నాయన వెనక్కి తిరిగి ఏ ఊరని అడిగాడు. చీరాల అన్నాను. "అయ్యో, మాది పర్చూరు కదయ్యా! పక్కనేగా!" అని పళ్ళెం పక్కన పెట్టి మరీ కావలించుకున్నాడు. అంతే. ఆయన నాకు అన్నయ్య, ఆయన భార్య వదిన, మా ఆవిడకి ఇష్టం ఉన్నా లేకపోయినా ఒక బావగారు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళ పాటు నా శనివారాలన్నీ ఆ మనిషితోనే గడిచాయి.

ఊరు కలిపిన మాట నిజమే గానీ, మమ్మల్ని అంటిపెట్టుకునేలా చేసినవి పాత వీడియో గేములు. చీరాలలో మా వీధి చివర ఒకాయన తన ముందు గదిలో రెండు టీవీలు పెట్టి గంట లెక్కన గేములు ఆడించేవాడు. గంట అవగానే, ఆటలో మనం ఎక్కడున్నాం అని చూడకుండా స్విచ్ కట్టేసేవాడు. నా చిన్నతనమంతా సగంలో ఆగిన ఆటలే. సొంత గేమ్ క్యాసెట్టు ఒక్కటి కూడా లేదు. నలభై దాటాక, జీతం వచ్చాక, ఇల్లు కొన్నాక, ఆ కసి తీర్చుకుంటున్నానని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. అన్నయ్యకి ఆడటం మీద అంత మోజు లేదు. ఆయనకి విప్పడం ఇష్టం. పని చెయ్యని క్యాసెట్టు చేతికిస్తే చాలు, స్క్రూలు తీసి, తుడిచి, టంకం పెట్టి, సాయంత్రానికి ప్రాణం పోసేవాడు. నేను వెతికేవాణ్ణి, ఆయన బాగుచేసేవాడు.

సిడ్నీ శివార్లలో మేముండే ద పాండ్స్‌లో ఈ వేట సాగదు. అక్కడన్నీ కొత్త ఇళ్ళు, కొత్త కాపురాలు. ఇంటి గరాజ్‌లో పాత సామాను పెట్టి అమ్మే గరాజ్ సేల్ అంటే పిల్లలకి పొట్టయిపోయిన సైకిళ్ళు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు, అంతే. పాత గేములు కావాలంటే పాత ఇళ్ళకి పోవాలి. బ్లాక్‌టౌన్ అవతల, పల్చటి షీటు గోడల ఇళ్ళు, ముందు నిమ్మచెట్టు, ముప్ఫై ఏళ్ళుగా కదలని మనుషులు ఉండే వీధులు. శుక్రవారం సాయంత్రం నేను ఇంటర్నెట్లో ప్రకటనలు చూసి దారి గీసేవాణ్ణి. శనివారం ఆరున్నరకి అన్నయ్య కారు మా వాకిట్లో ఉండేది, వదిన పోసిచ్చిన అల్లం టీ ఫ్లాస్కుతో. ఎనిమిదింటికి ముందు రావద్దని ఇంటివాళ్ళు అట్టముక్క మీద రాసి స్తంభానికి కట్టినా, వ్యాపారం చేసేవాళ్ళు టార్చిలైట్లు పట్టుకుని ఏడింటికే దిగిపోతారు. మేం మాత్రం ఎదురు వీధిలో కారాపుకుని, టీ తాగుతూ, షట్టరు పూర్తిగా పైకి లేచేదాకా ఆగేవాళ్ళం. అది మా మర్యాద. దాని గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

లోపలికి వెళ్ళాక అన్నయ్య పద్ధతి వేరు. ముందు తోట బాగుందనేవాడు. తర్వాత కుక్కని పలకరించేవాడు. ఆ తర్వాత ఎంతో మామూలుగా, ఇంట్లో పాత వీడియో గేములేమైనా మూలన పడి ఉన్నాయా, పిల్లల కోసం, అని అడిగేవాడు. ఆయనకి ఒక్కతే కూతురు. అప్పటికే యూనివర్సిటీలో మూడో సంవత్సరం చదువుతోంది. ఆ అమ్మాయి జన్మలో గేమ్ ముట్టుకోలేదు. కారెక్కాక ఆ 'పిల్లల కోసం' తల్చుకుని ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. అది దాచి లాభం లేదు.

మధ్యాహ్నం ఆయన గరాజ్‌లో ఇంకో తంతు ఉండేది. ఆ కాలం క్యాసెట్లలో కొన్నింటి లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. మనం ఎంతవరకు ఆడామో గుర్తు పెట్టుకునేది అదే. ఆ బ్యాటరీ తీస్తే పాత ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని కొత్తది వేసే ముందు క్యాసెట్టు ఒకసారి టీవీకి పెట్టి, లోపల ఎవరున్నారో చూసేవాళ్ళం. ఎవరో తెలియని పిల్లల పేర్లు. కొన్ని బూతుమాటలు కూడా. ఒకసారి ఒక పేరు పక్కన ఆడిన గంటలు చూసి, "ఈడు బడికి పోయుండడు తమ్ముడూ, ఖాయం" అన్నాడు అన్నయ్య. చూశాక ఆయన బ్యాటరీ మార్చేవాడు. చూడకుండా ఒక్కటి కూడా మార్చేవాడు కాదు.

ఒక శనివారం మా జాబితాలో చివరిది ఒక ముసలావిడ ఇల్లు. ఎండ ఎక్కింది, ఇక ఇంటికి పోదామని అన్నయ్య అంటుంటే నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. ఆవిడ గరాజ్‌లో కప్పులూ సాసర్లూ, దుప్పట్లూ, ఒక కుట్టుమిషనూ ఉన్నాయి. ఇల్లు అమ్మేసి చిన్న యూనిట్‌కి, అంటే ఫ్లాట్‌కి, మారిపోతోందట. ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పేరు పెట్టి పిలవమంది. తల్లి వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, ఆంటీ అంటే ఆవిడకి నవ్వొస్తుంది. చివరికి ఏమీ అనకుండానే మాట్లాడాను.

అన్నయ్య అలవాటు ప్రకారం నిమ్మచెట్టుని మెచ్చుకుని గేముల సంగతి అడిగాడు.  ఆవిడ కుట్టుమిషను వెనకనుంచి అట్టపెట్టె ఒకటి కాలితో ముందుకి తోసింది. నేను మూత తీసి చూశాను. ఇరవై పైచిలుకు క్యాసెట్లు, ఒక్కొక్కటీ దాని డబ్బాలో, చిన్న పుస్తకంతో సహా. అమ్మడానికి కాదని చెప్పింది ఆవిడ. కొడుకువట. డార్విన్‌లో ఉంటాడు, ఓడరేవులో ఎలక్ట్రీషియను. నాలుగేళ్ళ క్రితం ఫోన్లో మాటా మాటా పెరిగింది. 'నా సామానంతా అవతల పారెయ్, నాకేమీ అక్కర్లేదు' అన్నాడు. ఆ తర్వాత మాటల్లేవు. ఆవిడ పారెయ్యలేదు. కొత్త యూనిట్లో మాత్రం చోటు లేదు.

అప్పుడు ఆవిడ గరాజ్ మూలనున్న పాత టీవీ పెట్టి ఒక క్యాసెట్టు చూపించింది. రాజ్యం, అడవి, చివర ఒక కోట ఉండే ఆట. సేవ్ చేసుకోవడానికి మూడు గళ్ళున్నాయి. మొదటి దాంట్లో కొడుకు పేరులోంచి మూడక్షరాలు. రెండో దాంట్లో 'మమ్', అంటే అమ్మ. మూడోది ఖాళీ. డ్యూటీ దిగి వచ్చి బూట్లు కూడా విప్పకుండా వాడి పక్కన నేలమీద కూర్చునేదాన్ననీ, వాడే నేర్పాడనీ, వాడు తన ఆట పూర్తి చేసేసి నా కోసం ఎదురుచూసేవాడనీ చెప్పింది. ఆవిడ ఆట చివరి కోట గుమ్మం ముందు ఆగిపోయి ఉంది. ఇద్దరం కలిసి లోపలికి వెళ్దామని అనుకున్నారట. వాడికి పదిహేడేళ్ళు వచ్చాయి, ఇల్లు వదిలి పనికి వెళ్ళిపోయాడు. ఆవిడ ఒంటరిగా ఆ గుమ్మం దాటలేదు.

నేను చీరాల సంగతి చెప్పాను. గంట కాగానే స్విచ్ కట్టేసే ఆ మహానుభావుడి సంగతి. ఆవిడ బాగా నవ్వింది. నవ్వి, పెట్టె నా చేతుల్లో పెట్టింది. డబ్బులు తీసుకోనంది. రెండే షరతులు. పెట్టె విడదియ్యకూడదు. ఎప్పుడైనా కొడుకు అడిగితే తిరిగి ఇవ్వాలి. "మాటిస్తున్నాను" అన్నాను. అన్నయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు. "ఆఫ్‌కోర్స్, ఆఫ్‌కోర్స్, ప్రామిస్" అని తనూ చెయ్యి గుండెల మీద పెట్టుకున్నాడు. ఈయన ఎవరని ఆవిడ అడిగితే మా అన్నయ్య అని చెప్పాను. నా ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాయించుకుంది.

నేను చేసిన బుద్ధితక్కువ పని ఆ తర్వాతిది. మా గరాజ్‌లో మా ఆవిడ ఆడపిల్లలకి కూచిపూడి నేర్పిస్తుంది. గోడకి అద్దాలు, నేల మీద రబ్బరు చాప, గూట్లో నటరాజు, అంతకుమించి చీపురు పెట్టడానికి కూడా చోటుండదు. ఇంట్లోకి తెస్తే, 'ఇంకో పెట్టెనా?' అంటుంది. "మా గరాజ్‌లో పెట్టుకో తమ్ముడూ, నీ ఇల్లు కాదా ఏంది" అన్నాడు అన్నయ్య. ఆయన పైఅరలో పెట్టి, మూత మీద టేపు వేశాం. ఆ రాత్రి చెప్తే మా ఆవిడ, "ఆవిడ నీకిచ్చింది కదా, నువ్వు ఆయనకెందుకిచ్చావ్? వెళ్ళి తెచ్చేసెయ్. మంచం కింద పెట్టుకుందాం" అంది. తెస్తాలే అన్నాను. తేలేదు. వెళ్ళి పెట్టె ఇవ్వమంటే నమ్మకం లేక అడిగానని ఆయన నొచ్చుకుంటాడని నా బాధ.

ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతు గుర్తుపట్టలేదు నేను. అంత హుషారుగా ఉంది. కొడుకు ఫోన్ చేశాడట, నాలుగేళ్ళ తర్వాత.  వాడు అడిగిన మొదటి మాట: "అమ్మా, ఆ కోటలోకి వెళ్ళావా నువ్వు?" లేదు, నీ కోసం చూస్తున్నా అందట. రెండు వారాల్లో వస్తున్నాడు. ఆ ఒక్క క్యాసెట్టూ తీసుకొచ్చి పెడతావా అని నన్నడిగింది. మిగతావి నువ్వే ఉంచుకో, ఆ ఒక్కటి చాలు అంది. తప్పకుండా తెస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి పరిగెత్తి మా ఆవిడకి చెప్పాను. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరికో మంచి చేస్తున్నానన్న సంతోషం నాకు ఆ వారమంతా ఉంది.

అన్నయ్యకి మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. రెండు రోజులాగి ఫోన్ చేస్తే, "చూస్తాలే తమ్ముడూ, గరాజ్‌లో మీ వదిన సామాను అడ్డమెట్టింది" అన్నాడు. శనివారం వేటకి రాలేదు. నడుంనొప్పట. మళ్ళీ సోమవారం చేస్తే మీటింగులో ఉన్నానన్నాడు. నాకు అనుమానం రాలేదు. ఎలా వస్తుంది? ఎనిమిదేళ్ళ మనిషి. నాకు కోవిడ్ వచ్చినప్పుడు పదిరోజులు గుమ్మం ముందు క్యారేజీ పెట్టి పోయిన మనిషి.

బుధవారం మధ్యాహ్నం, పారమట్టాలో మా ఆఫీసు వెనక నది ఒడ్డున కూర్చుని పెరుగన్నం తింటూ, అలవాటు కొద్దీ ఫోన్లో పాత గేముల ప్రకటనలు తిప్పుతున్నాను. ఆ కోట ఆట కనిపించింది, డబ్బాతో, పుస్తకంతో. ఆహా, ఆవిడది లాంటిదే అనుకున్నాను. ఫొటో పెద్దది చేశాను. కింద పొద్దుతిరుగుడు పూల ప్లాస్టిక్ గుడ్డ. ఒక పువ్వు మీద కుక్కర్ దించితే కాలిన గుండ్రటి మచ్చ. ఆ మచ్చ పక్కన కూర్చుని నేను వదిన వేసిన పెసరట్లు ఎన్ని తిన్నానో లెక్కలేదు.

ఫొటో కింద రాసింది చదివాను. 'మా అమ్మ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా నా పక్కన నేలమీద కూర్చుని ఆడేది. మా ఇద్దరి జ్ఞాపకం. మనసు రాకపోయినా అమ్ముతున్నాను. మంచి ఇంటికి వెళ్ళాలని కోరిక.' ఇంగ్లీషులో, చక్కగా, ఒక్క తప్పు లేకుండా రాశాడు. అన్నయ్య వాళ్ళమ్మగారిని నేను వీడియో కాల్‌లో చాలాసార్లు పలకరించాను. ఆవిడ పర్చూరులో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. ఆయన పేజీలోనే మిగతావి కూడా ఉన్నాయి, ఇరవై పైచిలుకు, ఒక్కొక్కటీ విడిగా. అన్నిటి మీదా అమ్ముడైపోయినట్టు గుర్తు. అన్నిటి కిందా అదే అమ్మ, అవే బూట్లు.

వస్తువులు అమ్ముకున్నందుకు వచ్చిన కోపం వేరు. అది వచ్చేదే. కానీ ఆ బూట్ల మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు చల్లబడింది. ఆవిడ మా ఇద్దర్నీ నమ్మి చెప్పుకున్న మాటని ఈయన పక్కన నిలబడి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, పనికొస్తుందని గుర్తుపెట్టుకున్నాడు. పెరుగన్నం డబ్బా అక్కడే వదిలేసి, ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి మెసేజ్ పెట్టి, రైలెక్కాను. స్టేషన్లో కారు తీసుకుని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను.

ఆయన ఆ రోజు ఇంటినుంచే పని చేస్తున్నాడు. తలుపు తీసి, నా మొహం చూసి కూడా, "ఏందయ్యా ఈ టైములో? రా రా, టీ పెడతా" అన్నాడు.

"పెట్టె ఏది అన్నయ్యా?"

"ముందు కూర్చో."

"పెట్టె."

ఆయన కూర్చున్నాడు. నేను కూర్చోలేదు. "ఊరికే పడుందిగా తమ్ముడూ. నువ్వడగలా, ఆమె అడగలా. ఒకటి పెట్టి చూశా, వెంటనే పోయింది. సరేలే అని ఒక్కోటీ తీసేశా. ఇదంతా లీగల్లే, ఆమె ఫ్రీగా ఇచ్చిందిగా."

"ప్రామిస్ అని గుండె మీద చెయ్యేసుకున్నారు మీరు."

"అబ్బా, ఆమెకేం గుర్తుంటది? ఆ కొడుకొస్తాడని కల గన్నామా? సరే, నీకు అదే గేమ్ ఇంకో కాపీ తెచ్చిస్తా. ఇంతకన్నా నీట్‌గా ఉండేది. ఆమెకి తేడా తెలవను కూడా తెలవదు."

"ఆ కోట క్యాసెట్టు పోలేదు కదా? ఇంకా అమ్మకానికి ఉందిగా. ఇవ్వండి."

లోపలికి వెళ్ళి తెచ్చాడు. వెంటనే తెచ్చాడు, అడ్డం ఏమీ లేదు, సామానూ లేదు. చేతికి రాగానే నాకు కాస్త ఊపిరాడింది. మిగతావి పోతే పోయాయి, ఆవిడ అడిగింది ఇదొక్కటే. గుమ్మం దాకా వచ్చాడు అన్నయ్య. భుజం మీద చెయ్యేశాడు. నన్ను చల్లబరచాలని కాబోలు, ఎంతో ప్రేమగా అన్నాడు: "దాన్నేం తక్కువ చూడలేదయ్యా. శుభ్రంగా తుడిచి బ్యాటరీ కూడా కొత్తదేశా. ఇంకో ఇరవయ్యేళ్ళు ఢోకా లేదు."

 నేను క్యాసెట్టు వైపు చూసి అడిగాను. "ముందు లోపల చూశారా?"

"చూడకుండా ఎప్పుడన్నా మార్చానా?"

"పేర్లు చూశారా?"

"చూశా." ఆయన నా భుజం మీంచి చెయ్యి తీశాడు. "కొనేవాళ్ళకి ఖాళీగా ఉంటేనే ఇష్టం తమ్ముడూ. నీకు తెలవంది ఏముంది?"

కారులో కూర్చుని ఏడ్చాను. నలభై ఆరేళ్ళ మనిషిని, ద పాండ్స్‌లో పట్టపగలు, ఎవరి వాకిట్లోనో. అటూ ఇటూ వెళ్ళేవాళ్ళలో సగం మంది మనవాళ్ళే, అయినా ఆగలేదు. మా ఆవిడకి చెప్పినప్పుడు దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు. "ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేసెయ్. కొడుకు రాకముందే ఫోన్ చేసి చెప్పు. మనం తీసింది కాదు కదా. ఆయన చేశాడు, ఆయన పేరే చెప్పు" అంది. సరేనన్నాను. మూడు రోజులు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, పెట్టేశాను. 'మా అన్నయ్య అమ్మేశాడు' అనే వాక్యం ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా కూర్చినా, ఒక మనిషి గురించి చెప్తున్నట్టు ఉండడం లేదు. మా జాతి మొత్తం గురించి చెప్తున్నట్టుంది. మనలో మనం ఎన్నైనా అనుకుంటాం. వాళ్ళ ముందు మనవాణ్ణి దొంగ అనడానికి నాకు నోరు రాలేదు. ఎనిమిదేళ్ళు అన్నయ్యా అని పిలిచిన నోరు మరి.

శనివారం వెళ్ళాను, క్యాసెట్లని టీవీలో ఆడించే నా ఆటపెట్టె, ఆ ఒక్క క్యాసెట్టు పట్టుకుని. ఆవిడ కొత్త యూనిట్లో సోఫాకీ టీవీకీ మధ్య ఇద్దరు కూర్చునేంత చోటు మాత్రమే ఉంది. కొడుకు తలుపు తీశాడు. ఎండకి కాలిన పెద్ద మనిషి, నలభైకి దగ్గర పడ్డవాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపాడు. 'అమ్మ మీ గురించి చెప్పింది, స్విచ్ కట్టేసేవాడి కథ కూడా చెప్పింది' అన్నాడు. మిగతా పెట్టె ఏదని ఆవిడ అడిగితే, అన్నయ్య ఇంట్లో భద్రంగా ఉందన్నాను. అది మొదటి అబద్ధం. ఎంత సులువుగా వచ్చిందో.

కొడుకు వైర్లు కలిపాడు. ఆవిడ సోఫా మీద కూర్చోకుండా కష్టపడి కిందకి దిగి, కొడుకు పక్కన నేల మీద కూర్చుంది. ఆట మొదలైంది. మూడు గళ్ళు వచ్చాయి. మూడూ ఖాళీ.

 ఆయన ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాడు. ఖాళీ. ఆవిడ తెర వైపే చూస్తూ, "మాది ఏది?" అంది, ఎవర్ని అడుగుతున్నదో తెలియకుండా. అప్పుడైనా చెప్పాల్సింది. నా నోట్లోంచి వచ్చింది వేరే. "బ్యాటరీ పాతది కదా, చచ్చిపోయినట్టుంది. పాతవి అలాగే పోతాయి. ఐ యామ్ సో సారీ" అన్నాను.

ఆవిడ నా మోకాలి మీద తట్టింది. "నువ్వేం చేస్తావు పాపం" అంది. కొడుకు కూడా పర్లేదన్నాడు. "మళ్ళీ మొదట్నుంచి ఆడదాం అమ్మా, నాలుగు రోజులుంటాను కదా" అన్నాడు. కొత్త ఆట మొదలుపెట్టి మమ్ అని పేరు కొట్టాడు. పది నిమిషాలు ఆడారు. మొదటి ఊరు వచ్చింది, సేవ్ చేశాడు. ఎలక్ట్రీషియను కదా, చేతికి అలవాటు. నిలుస్తుందో లేదో చూద్దామని ఆపేసి, వైరు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టాడు.

మొదటి గడిలో మమ్ ఉంది. చెక్కు చెదరలేదు.

"బ్యాటరీ బాగానే ఉందే" అన్నాడు ఆయన. క్యాసెట్టు బయటికి తీసి, వెనక్కి తిప్పి, స్క్రూల చుట్టూ తాజాగా పడ్డ గీతల్ని గోటితో తడిమాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. రోగి చెప్పే అబద్ధాన్ని వినే నర్సు చూపు అది.

"మిగతావి ఎంతకి అమ్మావు?" అని అడిగింది.

అప్పుడు చెప్పాను. అన్నీ చెప్పాను. నేను కాదు, మా అన్నయ్య, ఆయన సొంత అన్నయ్య కూడా కాదు, పక్క ఊరి మనిషి, మా గరాజ్‌లో చోటు లేక అక్కడ పెట్టాను, నాకు బుధవారమే తెలిసింది. ప్రతి ముక్కా నిజమే. ఒక్కొక్కటీ బయటికి వస్తుంటే, ఎంత పచ్చి అబద్ధంలా ఉందో నా చెవులకే వినిపించింది. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా విని, నేల మీంచి లేవడానికి సోఫా చెయ్యి పట్టుకుంది. నేను సాయం చేద్దామని చెయ్యి చాపాను. అందుకోలేదు. ఆమె కొడుకు వైర్లు విప్పి నా ఆటపెట్టె నాకిచ్చి, వీధి తలుపు తీసి, నేను బయటికి వెళ్ళేదాకా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.